పార్టగాస్ సెరీ డి నంబర్ 4: ఆంక్షలు పోతే చవకవుతుందా?

పార్టగాస్ సెరీ డి నంబర్ 4 అనే క్యూబా సిగారుని (పొట్టిగా డి4) ఇప్పుడే కొనుక్కోవాలా, లేక క్యూబా మీద అమెరికా ఆంక్షలు ఎత్తేసేదాకా ఆగితే సగం ధరకి వస్తుందా? సిగార్లు తెలిసినవాళ్ళ మధ్య ఈ ప్రశ్న ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. అమెరికాలో డాలస్, ఎడిసన్‌లలో ఉండేవాళ్ళు మరీ ఎక్కువగా అడుగుతారు. జవాబు ముందే చెప్పేస్తున్నాం: ఆగొద్దు. ఆంక్షలు పోయిన తర్వాత మొదటి మూడు నాలుగేళ్ళు ఈ సిగారు ఇప్పటికంటే కష్టంగా దొరుకుతుందనీ, ఇప్పటికంటే ఖరీదవుతుందనీ మా లెక్క. ఆ లెక్కంతా ఈ సిగారు లోపలున్న ఆకులోనే ఉంది కాబట్టి, ముందు దాన్ని చేతిలోకి తీసుకుందాం.

పొడవు 124 మిల్లీమీటర్లు, లావు 50 రింగు. రింగు అంటే అంగుళంలో 64వ వంతు, కాబట్టి 50 రింగు అంటే ఇంచుమించు 20 మిల్లీమీటర్లు. బరువు సుమారు 12 గ్రాములు. ఈ కొలత సిగారును రోబుస్తో అంటారు. ఎర్రటి పట్టీ మీద బంగారు రంగు అక్షరాలు, 25 సిగార్ల చెక్కపెట్టె. తీరిగ్గా కాలిస్తే 50 నిమిషాల నుంచి గంట.

లోపల మూడు రకాల ఆకు ఉంటుంది. మొక్క అడుగు భాగం నుంచి వచ్చేది వొలాదో. దానికి రుచి తక్కువ, నిప్పు బాగా అందుకుంటుంది. నడిమి ఆకు సెకో, వాసన దీనిదే. పైభాగంలో ఎండంతా తాగి, నూనె పట్టి, మందంగా తయారైన ఆకు లిహెరో. ఘాటు అక్కడి నుంచే వస్తుంది. లిహెరో నెమ్మదిగా మండుతుంది కాబట్టి చుట్టేవాళ్ళు దాన్ని సరిగ్గా మధ్యలో పెడతారు. పక్కకి జరిగిందంటే సిగారు ఒకవైపు కాలి, ఇంకోవైపు చెవిలా మిగిలిపోతుంది. ఈ మూడింటినీ కట్టు ఆకుతో బిగించి, దానిపైన పై ఆకు చుడతారు. పై ఆకు మొక్కలను మాత్రం పల్చటి గుడ్డ పందిళ్ళ కింద, నేరుగా ఎండ తగలకుండా పెంచుతారు. గోదావరి లంకల చుట్ట ఎరిగినవాళ్ళకి చెప్పాలంటే, చుట్టలో ఇన్ని రకాల ఆకుల పొత్తు ఉండదు. ఇక్కడ పనితనమంతా ఆ పొత్తు కుదర్చడంలోనే ఉంది.

కాల్చే పద్ధతి. టోపీని, అంటే నోట్లో పెట్టుకునే కొసని మూసే ఆకు ముక్కని, 2 మిల్లీమీటర్లకి మించి కొయ్యొద్దు. ఎక్కువ కోస్తే పై ఆకు విచ్చుకుంటుంది. వెలిగించక ముందే ఒకసారి ఉత్తినే పీల్చి చూడండి. సన్నటి గొట్టంలోంచి నీళ్ళు పీల్చినంత ఒత్తిడి ఉంటే సరిగ్గా ఉన్నట్టు. గాలి ఏ అడ్డూ లేకుండా వచ్చేస్తే లోపల ఆకు తక్కువ పడింది, వేడిగా కాలి నాలుక మంట పుడుతుంది. బుగ్గలు లోపలికి పోయేంత పీల్చినా రాకపోతే ఆకు మెలిపడి గడ్డ కట్టింది. వెలిగించేటప్పుడు మంటను సిగారుకి తాకించకుండా, కొంచెం కింద పట్టుకుని అంచంతా నెమ్మదిగా కాలనివ్వండి. తర్వాత నిమిషానికి ఒక్క దమ్ము చాలు. గబగబా లాగితే డి4 చేదెక్కుతుంది, ఆ చేదు చివరిదాకా వదలదు.

మొదటి పావు వంతులో మిరియాల ఘాటు, తడిసిన మట్టి వాసన. సగానికి వచ్చేసరికి బాగా వేయించిన కాఫీ గింజ, దాని వెనక కొత్త తోలు చెప్పుల వాసన. చివరి భాగంలో ఘాటు మళ్ళీ పైకి లేస్తుంది. ఖాళీ కడుపుతో కాలిస్తే తల తిరిగే సిగారు ఇది, భోజనం చేశాకే ముట్టుకోండి. పొగ లోపలికి పీల్చరు కాబట్టి ప్రమాదం లేదనుకోవద్దు. నోటి క్యాన్సర్‌కి పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళనక్కర్లేదని శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ తాగే, అంటే చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే, ఆడవాళ్ళ అంగిళ్ళు చూసిన డాక్టర్లు ఎప్పుడో చెప్పారు.

సరుకు మీద మా తీర్పు: క్యూబా రోబుస్తోల్లో డబ్బుకి తగిన బలం, రుచి ఇచ్చేది ఇదే. కోహిబా అనే మరో క్యూబా పేరుతో వచ్చే రోబుస్తో ఇంతకంటే నాజూకైనదే. కానీ ఇప్పుడు దాని ధరకీ దీని ధరకీ ఉన్న తేడాని ఆ నాజూకుతనం సమర్థించలేదు.

ఇక ఆంక్షల సంగతి. జైమె పార్టగాస్ హవానాలో ఈ పేరు మొదలుపెట్టింది 1845లో. 1960 సెప్టెంబర్ 15న కాస్త్రో ప్రభుత్వం పొగాకు పరిశ్రమని జాతీయం చేసింది. 1962 ఫిబ్రవరి 3న కెనెడీ వాణిజ్య నిషేధం మీద సంతకం పెట్టాడు, అది 7 నుంచి అమలైంది. అప్పటి పార్టగాస్ యజమాని కుటుంబానికి చెందిన రామోన్ సిఫుయెంతెస్ అమెరికా చేరి, 1970లలో అక్కడి పేరు హక్కుని జనరల్ సిగార్ కంపెనీకి ఇచ్చాడు. దాంతో ఒకే పేరుతో లోకంలో రెండు సిగార్లు తయారయ్యాయి. ఒకటి హవానా పార్టగాస్. రెండోది డొమినికన్ రిపబ్లిక్‌లో చుట్టి అమెరికా దుకాణాల్లో అమ్మే పార్టగాస్. ఈ రెండోదాని ముఖ్యమైన శ్రేణికి పై ఆకు కామెరూన్‌ది. కొంచెం తీపి, మెత్తటి ఘాటు. చెడ్డ సిగారేమీ కాదు, కానీ డి4 కాదు. న్యూజెర్సీ దుకాణంలో ఎర్ర పట్టీ చూసి 'ఇదేగా అది' అనుకుని కొన్నవాళ్ళు క్యూబా సిగారు రుచి చూసినట్టు కాదు.

చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. ఆంక్షలు పోయిన మర్నాడు హవానా పార్టగాస్ అదే పేరుతో అమెరికా అరల్లోకి రావడానికి వీల్లేదు, ఆ పేరు అక్కడ వేరేవాళ్ళది కాబట్టి. మోంతెక్రిస్తో, రోమియో ఇ హులియెతా, ఆచ్ ఉప్‌మాన్, ఓయో దె మోంతెర్రే, పంచ్, బొలీవర్ అన్నిటిదీ ఇదే కథ. ఒక్కో పేరుకీ రాజీయో, లైసెన్సో, కోర్టో, కొత్త పేరో కావాలి. కోహిబా మీద తగాదా 1997లో మొదలైంది. 2022 డిసెంబర్‌లో అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు జనరల్ సిగార్ రిజిస్ట్రేషన్లను రద్దు చెయ్యమంటే, కంపెనీ కోర్టుకెక్కింది. ఒక్క పేరుకి పాతికేళ్ళు. పైగా జాతీయం చేసి లాక్కున్న ఆస్తుల పేర్లకి అమెరికాలో రక్షణ దొరక్కుండా 1998లో వేరే చట్టమే చేశారు.

అసలు ఆంక్షలు ఎత్తెయ్యడం కూడా అధ్యక్షుడి ఒక్క సంతకంతో అయ్యే పని కాదు. 1996 హెల్మ్స్-బర్టన్ చట్టం వాటిని చట్టంలోకే ఎక్కించింది, పూర్తిగా తియ్యాలంటే అక్కడి చట్టసభ, కాంగ్రెస్, కదలాలి. సిగార్ల విషయంలో ఇంతవరకు అధ్యక్షులు మార్చింది ప్రయాణికుడి సంచీ వరకే. 2014 డిసెంబర్‌లో ఒబామా 100 డాలర్ల దాకా పొగాకు, మద్యం తెచ్చుకోవచ్చని ప్రకటించాడు. 2016 అక్టోబర్‌లో సొంత వాడకానికైతే ఆ పరిమితి కూడా తీసేశాడు. 2020 సెప్టెంబర్‌లో ట్రంప్ ప్రభుత్వం మొత్తం మూసేసింది. ఆ సడలింపు ఏళ్ళలో సిగార్లు చవకైపోలేదన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అయినా సరే, పేర్ల గొడవ, కాంగ్రెస్ గొడవ అన్నీ తీరిపోయాయనే అనుకుందాం. అప్పుడు అడ్డం నిలబడేది ఆకు.

2027 జనవరిలో ఆంక్షలు పోయాయని పెట్టుకోండి. ఆ సీజన్ నాట్లు అప్పటికే పొలంలో ఉంటాయి, కాబట్టి అదనంగా వెయ్యగలిగేది ఆ శరదృతువుకే. నారుమడిలో 45 రోజులు, పొలంలో రెండు మూడు నెలలు. ఆకు అంతా ఒక్కసారి కొయ్యరు. కింది నుంచి పైకి, కొన్ని రోజుల ఎడంతో, జతలు జతలుగా కోస్తారు. లిహెరో అందరికంటే చివర, అంటే 2028 ఫిబ్రవరి, మార్చి. తర్వాత కర్రలకి గుచ్చి కొట్టాల్లో గాలికి ఆరబెట్టడం, 50 రోజుల పైనే. మన ప్రకాశం జిల్లా వర్జీనియా పొగాకులా బ్యారన్‌లో నిప్పు పెట్టి వారంలో క్యూరింగ్ ముగించే పని కాదిది. ఆరాక గుట్టలు వేసి మగ్గబెట్టాలి. లోపలి వేడి పెరిగితే గుట్ట విప్పి, చల్లార్చి, మళ్ళీ పేర్చాలి. లోపలి ఆకుకి ఈ మగ్గబెట్టడం రెండు విడతలు. ఆ తర్వాత బేళ్ళు కట్టి గోదాములో పడేస్తారు. వొలాదోకి కనీసం తొమ్మిది నెలలు, సెకోకి ఏడాది పైన, లిహెరోకి రెండేళ్ళు. అంటే 2030 చివర. చుట్టాక సిగార్లను 16-18 డిగ్రీల చల్లటి గదిలో మరికొన్ని వారాలు ఉంచాలి. పెట్టె దుకాణానికి చేరేసరికి 2031.

డి4 లాంటి ఘాటైన సిగారుకి లిహెరో తప్పదు కాబట్టి ఈ నాలుగేళ్ళని కుదించే దారి లేదు. కుదించాలని చూస్తే అమ్మోనియా వాసన కొట్టే పచ్చి సిగారు వస్తుంది.

చేతులు కూడా లెక్కలోకి రావాలి. చుట్టే పని నేర్పడానికే తొమ్మిది నెలలు పడుతుంది. ఆ తర్వాత కూడా మొదట చిన్న సైజులే ఇస్తారు. సైజును బట్టి తేడా ఉన్నా, రోజుకి ఒక మనిషి సుమారు వంద చుడతారనుకుంటే, 250 పనిదినాలకి 25 వేలు. అమెరికా ఏటా దిగుమతి చేసుకునే చేతి సిగార్లు 40 కోట్ల పైమాటే, ఎక్కువ భాగం నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్‌ల నుంచి. అందులో 5 శాతం క్యూబా వైపు మళ్ళినా 2 కోట్ల సిగార్లు, అంటే చేయి తిరిగిన 800 మంది కొత్తగా కావాలి. క్యూబా నుంచి జనం వలస పోతున్న రోజుల్లో ఆ 800 మందిని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

నేల సంగతీ అంతే. మంచి ఆకు క్యూబా పడమటి కొసన ఉన్న పినార్ దెల్ రియో జిల్లాలోని వుయెల్తా అబాహో నుంచి, అందులోనూ సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తీనెస్ చుట్టుపక్కల నుంచి వస్తుంది. ఆ ఎర్ర ఇసుక నేల ఎంత ఉందో అంతే. 2022 సెప్టెంబర్ 27న ఇయన్ తుపాను సరిగ్గా ఆ జిల్లా మీదే పడి వేల కొద్దీ ఆరబెట్టే కొట్టాలను నేలమట్టం చేసింది. కొట్టం లేకపోతే పొలంలో ఎంత ఆకు ఉన్నా దండగే. దానికి తోడు ఎరువుల కొరత, డీజిల్ కొరత, కరెంటు కోతలు. 2024 అక్టోబర్‌లో దేశం మొత్తం ఒకేసారి చీకటైంది. ఆంక్షలు పోవడం వల్ల నిజంగా మేలు జరిగేది ఇక్కడే. ఎరువులు, పంపుసెట్లు, విడిభాగాలు, ఇంధనం దగ్గరి నుంచే కొనుక్కోవచ్చు, బ్యాంకులు డబ్బు పంపడానికి భయపడవు. వుయెల్తా అబాహో రైతుకి ఇది జరగాలని మేము మనసారా కోరుకుంటున్నాం. అయితే ఆ మేలు పెట్టెలో కనిపించడానికి పైన చెప్పిన నాలుగేళ్ళు పడుతుంది.

ఇంతలో ధర ఏమవుతుంది? అమ్మేవాళ్ళ తీరు చూస్తే తెలుస్తుంది. లోకమంతటా క్యూబా సిగార్లు అమ్మేది అబానోస్ ఎస్.ఎ. అనే ఒక్క సంస్థ. సగం క్యూబా ప్రభుత్వానిది, మిగతా సగం 2020లో ఇంపీరియల్ బ్రాండ్స్ చేతి నుంచి ఆసియా పెట్టుబడిదారులకి వెళ్ళింది. 2022లో కోహిబా, ట్రినిదాద్ అనే పేర్లతో వచ్చే సిగార్ల ధరలను అన్ని దేశాల్లోనూ హాంకాంగ్ స్థాయికి లేపారు. చాలాచోట్ల రాత్రికి రాత్రి రెట్టింపయ్యాయి. సంస్థ అమ్మకాలు 2022లో 54.5 కోట్ల డాలర్లు, 2023లో 72.1 కోట్లు, 2024లో 82.7 కోట్లు. దుకాణాల్లో అరలు ఖాళీగా ఉన్న ఏళ్ళివి. 2024లో మొదటి స్థానంలో ఉన్న కొనుగోలుదారు చైనా. తక్కువ సరుకుని ఎక్కువ ధరకి అమ్మి లాభపడటం తెలిసిన సంస్థ, కొత్తగా అతిపెద్ద మార్కెట్ తలుపు తెరుచుకుంటే ధర తగ్గిస్తుందనుకోవడానికి ఒక్క కారణం కూడా కనపడదు. అమెరికాకి పంపే ప్రతి పెట్టె స్పెయిన్ నుంచో, జర్మనీ నుంచో, గల్ఫ్ నుంచో తగ్గించి పంపాల్సిందే. కాబట్టి దుబాయ్‌లో కొనేవాళ్ళకి కూడా సెగ తగులుతుంది. డి4 మీద ఇప్పటిదాకా కోహిబా మీద పడ్డంత దెబ్బ పడలేదు, ఏటా కొంత కొంతగానే పెరుగుతోంది. అమెరికావాళ్ళు మొదట వెతికే సిగార్లలో ఇదొకటి అవుతుంది కాబట్టి ఆ వెసులుబాటు పోతుంది.

అమెరికా పన్నులు కూడా చూడాలి. ఆంక్షలు పోయినంత మాత్రాన మామూలు సుంకం వర్తించదు. క్యూబా ఇప్పుడు సుంకాల పట్టికలో రెండో వరుసలో, ఉత్తర కొరియా పక్కన ఉంది. ఆ వరుసలో సిగార్లకి కిలోకి 9.92 డాలర్లు, దాని మీద విలువలో 25 శాతం. మామూలు వాణిజ్య హోదా ఇచ్చేదాకా ఇదే. లెక్క కోసం డి4 దిగుమతి ధర 10 డాలర్లు అనుకోండి. 12 గ్రాములకి 12 సెంట్లు, 25 శాతం కింద 2.50, కేంద్ర ఎక్సైజు గరిష్ఠంగా 40 సెంట్లు. రేవు దాటేసరికే 13 డాలర్లు. దాని మీద పంపిణీదారు వాటా, ఆ తర్వాత రాష్ట్రం. న్యూజెర్సీ హోల్‌సేల్ ధర మీద 30 శాతం తీసుకుంటుంది. హోల్‌సేల్ 16 అయితే పన్నే 4.80. టెక్సస్‌లో అదే సిగారుకి రాష్ట్ర పొగాకు పన్ను ఒకటి రెండు సెంట్లు, ఫ్లోరిడాలో సిగార్ల మీద రాష్ట్ర పొగాకు పన్నే లేదు. అంటే ఎడిసన్‌లో ఉన్నవాళ్ళకీ డాలస్‌లో ఉన్నవాళ్ళకీ ఒకే సిగారు మీద దుకాణదారు లాభం కలపకముందే ఐదు డాలర్ల దగ్గర తేడా. నాలుగైదేళ్ళు గడిచి, సుంకం మామూలు స్థాయికి వచ్చి, కొత్త ఆకు గోదాములు దాటాక, టెక్సస్, ఫ్లోరిడాలలో ధర లండన్ కంటే తక్కువే ఉండొచ్చు. చవక అనగలిగేది అంతవరకే.

ఇప్పుడు కొనేవాళ్ళకి. అమెరికాలో ఉండేవాళ్ళు విదేశంలో కొని అక్కడే కాల్చొచ్చు. సంచీలో ఒక్కటి మిగిలినా వెనక్కి తీసుకెళ్ళకూడదు, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. దుబాయ్‌లో కొన్నదైనా, హైదరాబాద్‌లో బంధువులు ఇచ్చినదైనా ఆకు క్యూబాదైతే ఇదే నియమం. ఇండియాకి వచ్చేవాళ్ళు సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది 25 సిగార్లు, అంటే సరిగ్గా ఒక పెట్టె.

పెట్టె తిప్పి అడుగు చూడండి. 'అబానోస్ ఎస్.ఎ.', 'క్యూబాలో తయారు', 'పూర్తిగా చేత్తో' అన్న మాటలు స్పానిష్‌లో చెక్కలోకి కాల్చి వేసి ఉండాలి, సిరాతో కాదు. పక్కనే సిరా ముద్రలో ఫ్యాక్టరీ గుర్తు, దాని కింద నెల, సంవత్సరం. నెల పేరు స్పానిష్‌లో మూడక్షరాలు: జనవరికి ఎనె, ఏప్రిల్‌కి అబ్ర్, ఆగస్టుకి అగొ, డిసెంబర్‌కి దిక్. ఆకుపచ్చ హామీ ముద్ర మీద బార్‌కోడ్ ఉంటుంది, ఆ నంబరుని అబానోస్ సైట్‌లో కొట్టి చూడొచ్చు. తెరిచాక 25 సిగార్లూ ఒకే రంగులో, పట్టీలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. అద్దం మూతతో ఉన్న కోహిబా పెట్టె ఎవరైనా చూపిస్తే ఆ దుకాణంలో ఇంకేదీ కొనొద్దు, క్యూబా అలాంటి పెట్టె చెయ్యదు.

తెచ్చుకున్నాక మన ఎండలు పెద్ద సమస్య. 24 డిగ్రీలు దాటితే ఆకులో నిద్రపోతున్న పొగాకు పురుగు గుడ్లు పొదుగుతాయి. సిగారు మీద సూదితో గుచ్చినట్టు గుండ్రటి కన్నం కనిపిస్తే అదే. విజయవాడ మే నెలలో ఏసీ లేని గదిలో ఒక పెట్టె పాడవడానికి వారం చాలు. తెచ్చిన రోజే పెట్టెని రెండు జిప్ సంచుల్లో గాలి తీసి బిగించి, మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి, తర్వాత ఒక రోజు మామూలు ఫ్రిజ్‌లో, ఆ తర్వాతే బయటికి. ఫ్రీజర్ నుంచి నేరుగా గదిలోకి తీస్తే పై ఆకు పగులుతుంది. నిల్వకి గాలి చొరబడని డబ్బా, 65 శాతం తేమ ప్యాకెట్. 70 శాతం పెడితే డి4 ఉబ్బి పొగ రాదు, మాటిమాటికీ ఆరిపోతుంది. పొగ బిగిసిన సిగారుని కూడా ముందు 62 శాతంలో మూడు వారాలు ఉంచి చూడండి, కొన్ని వాటంతట అవే తెరుచుకుంటాయి.

పెట్టె తేదీ ఆరు నెలల లోపుదైతే వెంటనే ముట్టుకోవద్దు. అప్పటికి మిరియం ఒక్కటే ఉంటుంది, కాఫీ ఇంకా రాదు. రెండేళ్ళు నిండినది అదే ధరకి పక్కన ఉంటే దాన్నే తీసుకోండి. దుకాణాలు ఆ రెండేళ్ళకి అదనంగా డబ్బు వేసుకోవడం ఇంకా అన్నిచోట్లా మొదలుపెట్టలేదు.